అరండల్‌పేటలో నాలుగు తలుపుల పాత కారు: ఇది ఏ బండి?

నల్లపాడు_రోడ్డు
అందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో ఒక పాత మేడ పోర్టికోలో టార్పాలిన్ కప్పిన కారొకటి ఏళ్ల తరబడి ఉంది. మొన్నటి గాలివానకు టార్పాలిన్ చిరిగి వెనక భాగం బయటపడింది. అంబాసిడర్ కాదు, ఫియట్ కాదు. నాకు తెలిసిన ఏ బండీ కాదు.

కనిపించినంత వరకు చెబుతాను. పద్మిని కంటే కాస్త ఎత్తు తక్కువ. చక్రాలు చిన్నవి. పైకప్పు పలుచగా, దాన్ని మోసే స్తంభాలు సన్నగా, అద్దాలు మాత్రం విశాలంగా ఉన్నాయి. తలుపులు నాలుగు. డిక్కీ మీద కంపెనీ పేరు ఊడిపోయి, అక్షరాలు బిగించిన రంధ్రాలు వరుసగా మిగిలాయి. చివర్లో ఒక్క ‘డి’ అక్షరం తుప్పు పట్టి ఇంకా వేలాడుతోంది. గీసుకుపోయిన చోట మీగడ రంగు కింద లేత ఆకుపచ్చ కనిపిస్తోంది. ముందు భాగం గోడకు ఆనుకుని ఉండటం వల్ల బానెట్ చూడటం కుదరలేదు.

చివర ‘డి’ ఉంది కాబట్టి స్టాండర్డ్ కంపెనీ హెరాల్డ్ అనుకున్నాను. కానీ వెతికితే హెరాల్డ్‌కు రెండే తలుపులని రాసి ఉంది. ఇంటావిడ అనుమతి లేకుండా ఫొటో పెట్టదలచుకోలేదు. తెలిసినవారు చెప్పగలరు.

బందరు_రోడ్డు_ఫియట్
స్టాండర్డ్ 10 అయి ఉండవచ్చా? దానికి నాలుగు తలుపులే. మా చిన్నతనంలో గవర్నర్‌పేటలో ఒక డాక్టరు గారి దగ్గర ఉండేది. కాకపోతే దాని ఒళ్లంతా గుండ్రంగా ఉంటుంది, అద్దాలు చిన్నవి. మీరు చెప్పిన సన్నటి స్తంభాలు దానికి సరిపడవు.

తెనాలి_జీపు
డిక్కీ మూల కోణంగా ఉందా, జారినట్టుగా ఉందా? ఆ ఒక్క ముక్క చెబితే స్టాండర్డ్ 10 సంగతి తేలిపోతుంది.

నల్లపాడు_రోడ్డు
కోణంగానే ఉంది జీపు గారూ. గీసిపెట్టినట్టు పదునైన అంచులు.

ఆటోనగర్_లేత్
అయితే స్టాండర్డ్ 10 కాదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న రోజుల్లో మద్రాసు స్టాండర్డ్ బళ్లు మా షెడ్డుకు చాలా వచ్చేవి. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

హెరాల్డ్ మొదట ఇంగ్లాండులో ట్రయంఫ్ కంపెనీ చేసిన బండి. రూపం గీసినది మైకెలోటి అనే ఇటలీ ఆయన. దాన్ని మన దేశంలో మద్రాసు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుంచి తయారు చేశారు. ఇంజను 948 సీసీ. ఇంగ్లాండు హెరాల్డ్‌కు రెండే తలుపులన్నది నిజం. మీరు వెతికినప్పుడు కనిపించింది అదే. అయితే మన దేశంలో కారంటే కుటుంబమంతా ఎక్కేది. ముందు సీటు మడిచి పెద్దవాళ్లను వెనక్కి పంపడం ఇక్కడ ఎవరికీ నచ్చలేదు. అందుకే మద్రాసు కంపెనీ నాలుగు తలుపుల హెరాల్డ్‌ను మన కోసమే చేసింది. 1968లో వచ్చిన మార్క్ 3 అదే. ఇలాంటిది ఇంగ్లాండులో ఎవరూ చూడలేదు. ఆ తరువాత 1970ల మొదట్లో రూపం మార్చి గజెల్ అని పేరు పెట్టి అమ్మారు. అది 1977 దాకా, అదీ చాలా కొద్ది సంఖ్యలో వచ్చింది.

కాబట్టి మీ బండి నాలుగు తలుపుల హెరాల్డ్ అయినా కావాలి, గజెల్ అయినా కావాలి. ఏదైనా అరుదైనదే. గజెల్ అయితే నేను స్వయంగా వచ్చి చూస్తాను.

పైనుంచి చూసి తేల్చకండి. ఆ రోజుల్లో ఒక బండి లైటు, ఇంకో బండి ముందు జాలీ వేసి నడిపినవారు బోలెడుమంది. అడుగు భాగం చూడండి. వెనక రెండు చక్రాల మధ్య ఏముందో అదే జవాబు చెబుతుంది.

నాలుగో_గేరు
లేత్ గారూ, అడుగున ఏమి చూడాలో విడమరిచి చెబుతారా? నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. స్వింగ్ యాక్సిల్ అని పుస్తకంలో బొమ్మ చూశాను, బండి మీద ఎప్పుడూ చూడలేదు.

ఆటోనగర్_లేత్
చెబుతాను బాబూ.

అంబాసిడర్ కింద దూరి చూస్తే, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే గట్టి గొట్టం ఉంటుంది. మధ్యలో డిఫరెన్షియల్ ఉబ్బు, అంటే ఇంజను శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె. ఒక చక్రం గతుకు ఎక్కితే గొట్టమంతా వాలుతుంది. లారీలకూ ఇదే పద్ధతి.

హెరాల్డ్‌కు ఆ గొట్టం లేదు. డిఫరెన్షియల్‌ను చాసిస్‌కే బిగించేశారు. దాని నుంచి అటొకటి ఇటొకటి షాఫ్టులు బయలుదేరతాయి. ఒక్కో షాఫ్టు డిఫరెన్షియల్ దగ్గర మాత్రమే మడత పడుతుంది. చక్రం పైకి కిందికి పోవడమంటే ఆ మడత దగ్గర నుంచి వంపు తిరగడమే. బండి బరువు మోసే ఉక్కు బద్దల స్ప్రింగు కట్టలు కూడా పొడవునా కాకుండా అడ్డంగా, ఒకటే కట్ట, డిఫరెన్షియల్ నెత్తిన బిగించి ఉంటుంది. కావడి బద్ద మధ్యలో భుజం మీద ఆనినట్టు.

దీనివల్ల ఏమయిందంటే, బండిలో నలుగురు ఎక్కి డిక్కీలో సామాను వేయగానే వెనక చక్రాల పైభాగాలు లోపలికి వాలేవి. టైరు లోపలి అంచు మాత్రమే అరిగిపోయేది. కొత్త టైర్లు వేసిన కొన్నాళ్లకే ఒక పక్క నున్నగా, ఒక పక్క కొత్తగా ఉండేవి. ఖాళీ బండితో వేగంగా మలుపు తిప్పితే మరో ప్రమాదం: బయటి వైపు చక్రం కిందికి ముడుచుకుని వెనక భాగం పైకి లేచి జారేది. తారు రోడ్డు మీద నెమ్మదిగా పోయే ఊళ్లో పరవాలేదు. మన కాలవ గట్ల మీద, గతుకుల్లో దాన్ని అందరూ తిట్టుకున్నారు. మేమూ విసిగిపోయాం. అందుకే గజెల్‌కు ఆ ఏర్పాటంతా తీసేసి మామూలు గట్టి యాక్సిల్ పెట్టారు.

కాబట్టి అడ్డంగా ఒకటే కట్ట కనిపిస్తే హెరాల్డ్. చక్రం నుంచి చక్రానికి గట్టి గొట్టం కనిపిస్తే గజెల్. దూరే ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందికి వెళ్లవద్దు. టార్చి, పాత దుప్పటి చాలు.

నాలుగో_గేరు
పుస్తకంలో బొమ్మ ఇప్పుడు అర్థమైంది సార్. ధన్యవాదాలు.

గుణదల_కొండ
ఏ సందు, ఏ ఇల్లు? ఆదివారం గుంటూరు వస్తున్నాను, వెళ్లి చూస్తాను.

నిర్వాహకులు
చిరునామా ఇక్కడ రాయవద్దని మనవి. ప్రైవేటు సందేశాల్లో కూడా ఇంటివారి అంగీకారం లేకుండా పంచుకోవద్దు. బండి నంబరు కూడా పూర్తిగా రాయకండి. ఇంతకుముందు ఇలాంటి చర్చలో చోటు తెలిసిన వెంటనే పాత ఇనుము కొనేవారు, దళారులు వరుసగా తలుపు తట్టి ఒక పెద్దాయనను వేధించారు. ఆయన విసిగి బండిని తూకానికి ఇచ్చేశారు. అది మళ్లీ జరగకూడదు.

గుణదల_కొండ
సరేనండీ, మీ మాట న్యాయమే. నల్లపాడు గారే చూసి చెప్పనివ్వండి, ఎదురుచూస్తాను.

బందరు_రోడ్డు_ఫియట్
ఈలోగా కొత్తగా చేరినవారికి ఉపయోగపడే నాలుగు మాటలు రాస్తాను. మన దగ్గర కనిపించే పాత బళ్లను చాలామంది ‘పాత ఫియట్’, ‘పాత అంబాసిడర్’ అని కలిపేసి వదిలేస్తారు. వాటిలోనే అరుదైనవి దాక్కుని ఉంటాయి.

ఫియట్ అయితే ముందు తలుపు మడతబందులు చూడండి. 1964లో 1100డి రాకముందు వచ్చినవాటిలో ముందు తలుపులు వెనక అంచున బిగించి ఉంటాయి. తెరిస్తే ముందు తలుపూ వెనక తలుపూ ఎదురెదురుగా నిలబడతాయి. ఎలిగెంట్, సెలెక్ట్, సూపర్ సెలెక్ట్ అని పేర్లు. 1100డి నే తరువాత ప్రీమియర్ ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని అన్నారు. ఏ పద్మినిలోనూ తలుపు తిరగబడి తెరుచుకోదు. అలా తెరుచుకునే ఫియట్ మీ వీధిలో ఉంటే దయచేసి దాన్ని తూకానికి పోనివ్వకండి.

అంబాసిడర్ విషయంలో అంతకంటే పెద్ద వేట ఉంది: ల్యాండ్‌మాస్టర్. 1954లో వచ్చింది, ఇంగ్లాండు బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్‌కు మన దేశపు రూపం. అంబాసిడర్ వెనక రెక్కల చివర చిన్న చేప తోకలాంటి లేపు ఉంటుంది, ల్యాండ్‌మాస్టర్‌కు అది ఉండదు. మొదట్లో దాని ఇంజను 1476 సీసీ సైడ్ వాల్వ్, అంటే వాల్వులు సిలిండర్ పక్కన ఉండే పాత రకం. అంబాసిడర్ 1957లో మొదలైంది. మన ప్రకాశం బ్యారేజీ కూడా ఆ ఏడాదే వాడకంలోకి వచ్చింది కాబట్టి నాకు ఈ సంవత్సరం ఎప్పుడూ గుర్తుంటుంది. బెంగాల్‌లోని ఉత్తరపార కర్మాగారంలో 2014లో ఆగిపోయేదాకా రూపం పెద్దగా మారలేదు. అందుకే పాతదేదో కొత్తదేదో ముందు జాలీ చూసి తేల్చాలి. గళ్లగళ్ల జాలీ మార్క్ 2 గుర్తు.

తెనాలి_జీపు
నా వంతు. జీపుల్లో బానెట్ ఎత్తు చూడండి. పొట్టి బానెట్ ఉంటే పాత విల్లీస్. బానెట్ ఎత్తుగా పెట్టెలా ఉంటే సీజే3బీ అనే తరువాతి మోడల్. దానిలో వేసిన హరికేన్ ఇంజను ఎత్తు ఎక్కువ కావడంతో బానెట్‌ను పైకి లేపాల్సి వచ్చింది. మా డెల్టాలో పొలాల మీదికి వెళ్లినవన్నీ దాదాపు ఇవే. నా బండీ అదే.

ఆర్సీ_పుస్తకం
నంబరు పలక కూడా చాలా చెబుతుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడకముందు మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అప్పటి బళ్ల నంబర్లు ‘ఎం’తో మొదలవుతాయి. తరువాతవి ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాలు. 1989 నుంచి కొత్త పద్ధతి వచ్చింది: కృష్ణాకు ఏపీ 16, గుంటూరుకు ఏపీ 7. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. ఇంగ్లీషు ‘ఎం’ అక్షరంతో ఉన్న నంబరు ఏ షెడ్డులో కనిపించినా నాకు ఒక మాట చెప్పండి, నేను ఎంత దూరమైనా వస్తాను.

ఎర్ర_పద్మిని
చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పోర్టికోలో ఏళ్ల తరబడి నిలిచిన బండి అన్నారు కాబట్టి నా అనుభవం పనికొస్తుందనిపించింది.

మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా నాన్నగారి పద్మిని కిటికీల దాకా మునిగింది. నీరు తీశాక అందరూ తాళం తిప్పి చూడమన్నారు. మా మేస్త్రీ ఒక్కరే వద్దన్నారు. సిలిండర్లలో నీరు ఉండగా స్టార్టర్ తిప్పితే నీరు కుదించుకోదు, పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయన మొదట స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పారు. చేత్తో ఇంజను తిప్పితే ఆ రంధ్రాల నుంచి బురద నీరు చిమ్మింది. ఇంజను ఆయిలు వదిలితే ముందుగా నీళ్లు, ఆ తరువాత పాలు కలిపిన కాఫీ రంగులో చిక్కటి ద్రవం వచ్చింది. గేరు బాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్లూ అలాగే ఉన్నాయి. అన్నీ కడిగి, కొత్త ఆయిలు పోసి, కొద్దిసేపు నడిపి, మళ్లీ వదిలేసి మళ్లీ పోశారు. బ్రేకు డ్రమ్ములు విప్పితే లోపల ఒండ్రు గట్టిపడి ఉంది.

ఇప్పుడు బండి తిరుగుతోంది. అదే వీధిలో తాళం తిప్పి చూసిన కొత్త కార్లు కొన్ని తిరగలేదు. నల్లపాడు గారూ, ఆ ఇంటివారు ఉత్సాహం కొద్దీ బ్యాటరీ పెట్టి తిప్పకుండా ముందే చెప్పండి.

ఆటోనగర్_లేత్
అమ్మా, మీ మేస్త్రీ గారి చేతికి దండం. సరిగ్గా చేశారు.

నల్లపాడు_రోడ్డు
వెళ్లి వచ్చాను. ఇంటావిడ చాలా ఆదరంగా మాట్లాడారు. బండి వాళ్ల మామగారిది. ఆయన ఇక్కడే వకీలు. ఆయన పోయాక భర్త నడిపారు, ఆయన కూడా పోయాక టార్పాలిన్ కప్పారు. చాలామంది కొంటామని వచ్చారట. అమ్మే ఆలోచన లేదు, ఒక్కసారి చప్పుడు వినాలని ఉందన్నారు. ఇక్కడ వివరాలు రాయడానికి ఒప్పుకున్నారు, పేరూ ఫొటోలూ వద్దన్నారు.

ఇటుకలు పెట్టి దుప్పటి పరుచుకుని కిందికి దూరాను. అడ్డకట్ట లేదు. ఈ చక్రం నుంచి ఆ చక్రానికి ఒకటే గట్టి గొట్టం, మధ్యలో ఉబ్బు. లేత్ గారు రాసినట్టే.

ఆవిడ బీరువా నుంచి ఆర్‌సీ పుస్తకం తెచ్చి చూపించారు. బట్ట అట్ట, లోపల పన్ను కట్టిన ముద్రలు ఊదా రంగులో పేజీల నిండా. చేతిరాతతో ‘స్టాండర్డ్ గజెల్’, తయారైన సంవత్సరం 1974. మొదటి నంబరే ఇప్పటికీ ఉంది. యజమాని పేరు మామగారిదే.

ఆటోనగర్_లేత్
గజెల్! అదీ మొదటి ఇంటిలోనే, మొదటి నంబరుతో! నల్లపాడు గారూ, మీరు చేసిన పని చిన్నది కాదు. నేను ఆఖరిసారి గజెల్‌కు చేయి పెట్టిన నాటికి మా పిల్లలు బడికి వెళ్లేవారు.

బందరు_రోడ్డు_ఫియట్
ఒళ్లు పులకరించింది. తుప్పు ఎంత ఉంది?

నల్లపాడు_రోడ్డు
తలుపుల అడుగు అంచులు తినేసింది. వెనక చక్రాల పైన చేత్తో నొక్కితే మెత్తగా ఉంది. నేల రేకు మాత్రం గట్టిగానే ఉంది, పోర్టికోలోకి నీరు రాదు. గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూశాను. కుడి వెనక రెక్క మీద అరచేయంత మేర అంటుకోలేదు, అక్కడ పుట్టీ ఉంది. మిగతా చోట్ల అసలు రేకే.

కొత్తపేట_కుర్రాడు
అభినందనలు. నా సలహా: ఆ 948 సీసీ ఇంజనుకు సామాను దొరకదు. మారుతి ఇంజనూ గేరు బాక్సూ వేసేస్తే రోజూ నడుపుకోవచ్చు, ఏసీ కూడా పెట్టుకోవచ్చు. మా చుట్టాల అంబాసిడర్‌కు మెటడోర్ డీజిల్ వేయించారు, బ్రహ్మాండంగా తిరిగింది.

ఆటోనగర్_లేత్
బాబూ, నేను కూడా ఆ రోజుల్లో అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు చాలా వేశాను. అప్పుడవి రోజూ కూడు పెట్టే బళ్లు, వీధికి నాలుగు ఉండేవి. యజమానికి పెట్రోలు ఖర్చు తగ్గించడమే మా పని. దానికీ దీనికీ పోలిక లేదు. ఇది మళ్లీ చేయరు. ఇంజను మార్చాలంటే అది కూర్చునే దిమ్మలు కోయాలి, చాసిస్‌కు వెల్డింగ్ పెట్టాలి, గేరు బాక్సు మీద సొరంగంలా ఉండే రేకు కొట్టాలి. ఆ కోసిన ముక్క తిరిగి రాదు.

సామాను దొరకదన్నది కూడా పూర్తిగా నిజం కాదు. 948 ఇంజను ఇంగ్లాండు హెరాల్డ్‌దే. అక్కడ ఆ బళ్లను ప్రేమించేవారు ఎక్కువ, పిస్టన్ రింగులు, గాస్కెట్లు, బేరింగులు ఇప్పటికీ కొత్తవి చేసి అమ్ముతున్నారు. దొరకనివి మద్రాసులో మాత్రమే చేసినవి: వెనక యాక్సిల్, లైట్ల అద్దాలు, రేకులు. యాక్సిల్‌కు బేరింగులు నంబరు చూసి సరిపెట్టవచ్చు. రేకు పని ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చేతులకు కొత్త కాదు. తలుపు అంచు చేత్తో కొట్టి తీసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉన్నప్పుడే చేయించాలి, నా తొందర అది.

ఆర్సీ_పుస్తకం
కొత్తపేట గారూ, చట్టం కూడా లేత్ గారి వైపే ఉంది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నియమాల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక ఏర్పాటు తెచ్చారు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. సొంత వాడకపు బండి అయి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, బండి అసలు రూపంలో ఉండాలి: చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. మారుతి ఇంజను వేసిన రోజున ఆ హోదా పోతుంది.

1974 బండి కాబట్టి ఇప్పుడు 50 దాటింది. కొత్తగా వింటేజ్‌గా నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 అని ఆ నియమాల్లో ఉంది. పదేళ్లకు చెల్లుతుంది. కొత్తగా నమోదయ్యేవాటికి నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్ట్రేషన్ ఉన్నవి పాత నంబరు ఉంచుకోవచ్చు. ఈ బండికి అది పెద్ద వరం.

అయితే ఒక షరతు గట్టిది. వింటేజ్‌గా నమోదైతే రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు వంటివాటికే. రోజూ తిప్పుకోవాలంటే మామూలు దారిలో, పదిహేనేళ్లు దాటిన బండిగా ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఇంటావిడ కోరిక వింటే మొదటి దారే సరిపోతుందని నా అభిప్రాయం.

ఏ దారి అయినా ముందు చేయవలసింది పేరు మార్పు. యజమాని పోయినప్పుడు వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31. మధ్యలో భర్త పేరుకు మార్చలేదు కాబట్టి మామగారి మరణ ధ్రువపత్రం, భర్తది, వారసత్వ పత్రం అన్నీ కావాలి. ఇవి ఇప్పుడే సేకరించడం మొదలుపెట్టమనండి. బండి పని కంటే కాగితం పనికే ఎక్కువ కాలం పడుతుంది. ఆర్‌సీ పుస్తకాన్ని ప్రతి పేజీ ఫొటో తీసి ఉంచండి, ఆ ఊదా సిరా తేమ తగిలితే కరిగిపోతుంది.

కొత్తపేట_కుర్రాడు
ఈ నియమం నాకు కొత్త. అయితే అసలు ఇంజనే మంచిది. పని జరిగే రోజు నెట్టడానికి మనుషులు కావాలంటే నేను వస్తాను, మాకు అరండల్‌పేట దగ్గరే.

గుణదల_కొండ
పాత బళ్లను ఇలా ఇంటివాళ్లు నిలబెట్టుకుంటే ఎంత బాగుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ శాఖల్లో 15 ఏళ్లు దాటిన బళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. ఆఫీసుల ఆవరణల్లో వరుసగా నిలిచే తెల్ల అంబాసిడర్లు తుక్కుకు వెళ్లడం చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. ఎన్టీఆర్ చైతన్య రథం కూడా ఒక పాత షెవర్లే వ్యానే కదా. ఎవరో ఒకరు దాన్ని పనికిరాదని అనుకుని ఉంటే?

ఎర్ర_పద్మిని
నల్లపాడు గారూ, పెట్రోలు సంగతి కూడా చూసుకోండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. పాత బళ్ల రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్ దానికి తట్టుకోవు, మెత్తబడి పగులుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి నిలిచిన బండి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. నేను ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించాను. బండి కొన్నాళ్లు తీయననుకుంటే కార్బొరేటర్ ఖాళీ చేసి పెడతాను. పెట్రోలు కారితే మంటలే, ఈ ఒక్క విషయంలో పొదుపు చూడవద్దు.

నల్లపాడు_రోడ్డు
అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇక్కడ వచ్చిన మాటలన్నీ ఆవిడకు చదివి వినిపించాను. లేత్ గారు వస్తారంటే ఎంతో సంతోషించారు. కాగితాల కోసం వాళ్లబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చే వారం వస్తున్నారు. లేత్ గారూ, మీరు వచ్చే ముందు నేను ఏమేమి సిద్ధం చేయాలి?

ఆటోనగర్_లేత్
వచ్చే ఆదివారం ఉదయం వస్తాను. ఎండ ముదరకముందే మొదలుపెడదాం.

ముందు బండిని గోడ నుంచి వెనక్కి లాగాలి. చక్రాలు బిగుసుకుని ఉంటాయి, బలవంతంగా ఈడ్చవద్దు. డ్రమ్ములు నేను వచ్చాకే విప్పుతాను. టైర్లలో గాలి పట్టి చూడండి, పట్టకపోతే తాత్కాలికంగా బిగించడానికి పాత చక్రాలు ఏవైనా కావాలి, 13 అంగుళాలవి. తెనాలి గారి దగ్గర ఉంటాయేమో కనుక్కోండి.

స్పార్క్ ప్లగ్గులు విప్పి ఒక్కో రంధ్రంలో కొద్దిగా ఇంజను ఆయిలు పోసి రాత్రంతా నాననిద్దాం. ఆ తరువాత చేత్తో తిప్పి, కదిలితేనే ముందుకు. ట్యాంకు పాత పెట్రోలు ముట్టుకోం. సీసాలో కొత్త పెట్రోలు పైనుంచి కార్బొరేటర్‌కు ఇస్తాను. ట్యాంకు విప్పి కడగడం రెండో విడత. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు సన్న ఎమరీ కాగితంతో రుద్దాలి, కండెన్సర్ కొత్తది తెస్తాను.

బ్యాటరీ ఎవరూ ముందే తగిలించవద్దు. హెరాల్డ్ పుట్టిన కాలపు ఇంగ్లీషు బళ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ తీగను బండి రేకుకు కలిపేవారు. మన బండికి ఏ వైపో వైర్లు చూసి నేనే తేలుస్తాను. తిరగేసి పెడితే ఛార్జింగ్ ఏర్పాటు దెబ్బతినవచ్చు.

తెనాలి_జీపు
13 అంగుళాల చక్రాలు నా దగ్గర లేవు, మా ఊళ్లో ఒక పాత సామాను కొట్టులో చూసిన గుర్తు. రేపు వెళ్లి బోల్టు రంధ్రాల కొలత తీసి పెడతాను. నల్లపాడు గారూ, మీ బండి చక్రానికి ఎదురెదురు బోల్టుల మధ్య దూరం కొలిచి పంపండి. నట్టు మధ్య నుంచి నట్టు మధ్యకు, మిల్లీమీటర్లలో.

బందరు_రోడ్డు_ఫియట్
ఆదివారం నేను కూడా వస్తున్నాను. వీల్ సిలిండర్ల రబ్బరు వాషర్లు రకరకాల కొలతలవి ఒక డబ్బా నిండా ఉన్నాయి, తెస్తాను. బ్రేకు ఆయిలు కొత్త సీసా నాది. నాలుగో గేరు బాబూ, విజయవాడ నుంచి వచ్చేటట్లయితే ఆరు గంటలకు బెంజి సర్కిల్ దగ్గర నిలబడు, నా బండిలో చోటుంది.

నాలుగో_గేరు
తప్పకుండా వస్తాను సార్. ఆరుకు అక్కడుంటాను.